మక్కలు ఆరబోసిన సగం రోడ్డు

ఏప్రిల్ 9

గురవమ్మా, నీ మాట ఒకటి సరిదిద్దాలి. పోస్టు తెచ్చే అతను సైకిల్ దిగి సణుగుతుంటే "సగం రోడ్డు నాది, సగం బండ్లది" అన్నావు. సగం కాదు. ఇవాళ టేపు పెట్టి కొలిచాను. తారు వెడల్పు ఏడు మీటర్లు. నువ్వు పేర్చిన రాళ్ల మరకలు ఇంకా పోలేదు. మన ఇళ్ల వైపు అంచు నుంచి అవి మూడు మీటర్ల పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. సగానికి నలభై సెంటీమీటర్లు తక్కువ. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. పోయినవాళ్లదైనా తప్పు లెక్క చూస్తూ ఊరుకోలేను.

నిన్న నీ పెద్దదినం. వంకాయలో ఉప్పు తక్కువైంది. నువ్వుంటే ఆ మాట నాకంటే ముందు నువ్వే అనేదానివి.

టేపు చుడుతుంటే కోడలు అరుణశ్రీ దవాఖానా డ్యూటీ దిగి వచ్చింది.

"అత్తమ్మా, లేవండి. బండ్లొస్తున్నయ్."

"నన్ను చూసి ఆపుకుంటారులే."

"గురవమ్మత్తను చూసి ఆపుకున్నరా?"

లేచాను.

ఏప్రిల్ 10

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ అదే చప్పుడు. ఆరబోసిన మక్కజొన్న గింజల్లో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే చప్పుడు. అందరూ చెక్కతో తిరగేస్తారు. నువ్వు పాదాలతోనే చాళ్లు తీసేదానివి, ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ వెనక్కి. కిటికీ తీశాను. ఖాళీ తారు. ఎండ.

ఏప్రిల్ 12

జరిగినదాన్ని ఒకసారి వరుసగా రాసుకోవడం మంచిది.

మార్చి మొదట్లో గురవమ్మ ఎప్పటిలాగే తన ఇంటి నుంచి నా గేటు దాటేదాకా రోడ్డు మీద మక్కలు పోసింది. బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పేర్చింది. పన్నెండో తారీఖున అశ్వారావుపేట నుంచి వస్తున్న బైకు అతను ఆ రాయికి తగిలి పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. బైకు మెకానిక్ ఖాలిద్ అతన్ని లేపి కూర్చోబెట్టి, పదిమందిలో అరిచాడు: "రోడ్డు మీద రాళ్లేంది? రేపు ఇంకొకడు సస్తడు." ఐదు రోజులకు మండల ఆఫీసుకు ఆకాశరామన్న పిటిషన్ చేరింది. రెండు పేజీలు, టైపు చేసింది. ఇరవయ్యో తారీఖున ఆర్డర్ వచ్చింది: రోడ్డు మీద ఆరబోయరాదు, బడి గ్రౌండ్‌లో ఆరబోసుకోవాలి. బడి గ్రౌండ్ రోడ్డుకు అవతల ఉంది.

ఇరవై తొమ్మిదో తారీఖు ఉదయం పదిన్నరకు గురవమ్మ మడిచిన టార్పాలిన్ నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. టార్పాలిన్ అంచు కుడి కంటికి అడ్డంగా వేలాడుతోంది. కారు కుడివైపు నుంచి వచ్చింది.

పిటిషన్‌లో తప్పేమీ లేదు. రోడ్డు నడవడానికి, బండ్లకు, పంటకు కాదు. ఎవరు రాశారో తెలియదు. రాసినవాళ్లు నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్లే అయి ఉంటారు. ఆమెకు చెప్పినా వినేది కాదు.

ఏప్రిల్ 13

నిన్నటి పేజీలో ఒక వాక్యం అబద్ధం. ఈ డైరీ చదివేది నేనొక్కదాన్నే, నాకే అబద్ధం చెప్పాను. అదీ నీలం సిరాతో, దస్తూరి గుండ్రంగా.

పిటిషన్ నేనే రాశాను. ఊళ్లో సగంమంది నా చేతిరాత మీదే అక్షరాలు దిద్దుకున్నారు కాబట్టి కొత్తగూడెం వెళ్లి టైపు చేయించాను. కళ్లజోడు మార్పించుకోవాలని అరుణకు చెప్పి వెళ్లాను. కళ్లజోడూ మార్పించుకున్నాను, మాట అబద్ధం కాకూడదని.

కానీ అందులో రాసిన ప్రతి ముక్కా నిజం. బైకు అతని ఎముక నిజం. చెప్పినా వినేదానివి కాదు.

ఏప్రిల్ 17

ఊరు ఖాలిద్ పేరు తేల్చేసింది. పదిమందిలో అరిచింది అతనే కదా. పాల కేంద్రం దగ్గర ఒకాయన "సదువు రానోడు టైపు కొట్టిచ్చిండంటే ఎంత కసి ఉండాలె" అన్నాడట. నా రెండు పేజీలకు దొరికిన మొదటి సమీక్ష ఇది.

ఖాలిద్ షాపు ఉన్నది గురవమ్మ ఇంటి ముందు గదిలో. ఆమె కొడుకు పగిడయ్య అతనితో మాట్లాడడం మానేశాడు. ఇవాళ నా గేటు ముందే చెప్పాడు:

"మే నెల దాటకముందే ఖాళీ చెయ్."

"పగిడన్నా, పదకొండేండ్లాయె. అమ్మను దవాఖానాకు ఎత్తుకపోయింది నేను గాదా?"

"రాసింది గూడ నువ్వే."

"నేన్రాయలే."

"మరెవరు రాసిండ్రు? దయ్యమా?"

నేను తులసి కోటకు నీళ్లు పోస్తున్నాను. కోట నిండి నీళ్లు కాళ్ల మీదికి వచ్చాయి.

ఏప్రిల్ 21

ఊరికే కూర్చుంటే చప్పుడు వినిపిస్తోంది. అందుకని పని పెట్టుకున్నాను. నా గేటు పక్క కరెంటు స్తంభం నుంచి మూలమలుపు దగ్గర స్తంభానికి సరిగ్గా వంద మీటర్లు. అరుగు మీద కూర్చుని, బండి మొదటి స్తంభం దాటగానే ఫోన్‌లో గడియారం నొక్కి, రెండోది దాటగానే ఆపుతున్నాను. నలభై బండ్లు చూశాను. కార్లు ఐదు సెకన్లు. అంటే గంటకు డెబ్బై రెండు కిలోమీటర్లు. పామాయిల్ గెలల లోడు ట్రాక్టర్ పదకొండు. బైకుల సంగతి రాయను; తల్లిదండ్రులు చదివితే బాధపడతారు.

నేను రోడ్డు దాటడానికి పది సెకన్లు పట్టింది. నెత్తిన బరువు లేకుండా.

పది, ఐదు. ఆరో తరగతి పిల్లకు ఇచ్చినా జవాబు చెబుతుంది.

ఏప్రిల్ 24

తండా నుంచి హేమ్లి వచ్చి, ఆర్డర్ సంగతి తెలిసే, గురవమ్మ పోసిన చోటనే తన మక్కలు పోసింది. రాళ్లూ పేర్చింది.

"ఫోన్ చెయ్యాల్నా అత్తమ్మా, ఆఫీసుకు?" అంది అరుణ. నా వంక చూడకుండా, అన్నం కలుపుతూ. ఈ పిల్లకు ఎంత తెలుసో నాకు తెలియదు. నర్సులకు నాడి చూసే అలవాటు.

"ఎందుకూ?" అన్నాను.

"ఊకనే అడిగిన."

గడియారం తీసుకుని అరుగెక్కాను. మొదటి కారు పద్దెనిమిది సెకన్లు. పొరపాటేమో అనుకున్నాను. రెండోది పదిహేడు. మూడోది ఎదురు బండికి దారి ఇచ్చి ఇరవై ఒకటి. సాయంత్రం దాకా చూశాను. పదహారుకు తగ్గిన బండి లేదు. అంటే గంటకు ఇరవై, ఇరవై రెండు. ఒక్క బోర్డు లేదు, ఒక్క పోలీసు లేడు, ఒక్క స్పీడ్ బ్రేకర్ లేదు.

ఇంకోటి కూడా చూశాను. ముప్పై నాలుగేళ్లు ఆ బడికే పోయి వచ్చినా చూడనిది. రాళ్లకు ఇవతల, మక్కల అంచున, మనుషులు నడుస్తున్నారు. చంకన బిడ్డతో ఒకామె. కర్ర పట్టుకుని ఒక ముసలాయన. మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటూ పాషా. దాటేవాళ్లు మక్కల దగ్గరకు వచ్చి నిలబడి, రెండు వైపులా చూసి, మిగిలిన నాలుగు మీటర్లే దాటుతున్నారు. మిగతా ఏడాదంతా వీళ్లు తారు అంచున బండ్ల గాలి చెంపకు కొట్టించుకుంటూ నడిచినవాళ్లే.

గురవమ్మా, నీకిది తెలుసా? తెలిసి ఉండదు. నువ్వు మక్కలు ఎండబెట్టుకున్నావు, అంతే. రోడ్డు తనంతట తను నేర్చుకుంది.

రాళ్లు మాత్రం తప్పు. ఆ మాట వెనక్కి తీసుకోను.

ఏప్రిల్ 25

వాన. హేమ్లి మక్కలు ఎత్తుకుపోయింది. ఐదు సెకన్లు.

మే 2

హరిప్రసాద్ వచ్చాడు. బొగ్గు గనిలో పనిచేసే కొడుకు, వారానికోసారి సెలవు దొరికిన రోజు ఇంటికి వస్తాడు. కారు నేరుగా గేట్లోకి తెచ్చి, చెట్టు నీడన పెట్టాడు. "ఇప్పుడు మంచిగుందమ్మా, అడ్డం ఏం లేదు" అన్నాడు.

మార్చి తొమ్మిది, ఆదివారం. గేటు ముందు మక్కలు. హరి కారు పోస్టాఫీసు దగ్గర ఎండలో పెట్టి నడిచి వచ్చాడు, చెమటతో. మక్కల దుమ్ముకు నాకు వారం రోజుల దగ్గు. ఉతికి ఆరేసిన తెల్లచీరల మీద పసుపు పొట్టు. నువ్వేమో ఆ చివరన నిలబడి నవ్వుతూ "టీచరమ్మ చీరలకు పసుపు పెట్టిన" అన్నావు.

పిటిషన్‌లో చీరల ప్రస్తావన లేదు. 'ప్రజల భద్రత' ఉంది. బైకు అతను పన్నెండున పడ్డాడు. నేను మొదటి చిత్తు పదకొండున రాశాను. అతని ఎముక తర్వాత కలిపాను.

చెప్పినా వినేదానివి కాదు.

మే 6

ఖాలిద్ భార్య జెబా వచ్చింది. ఈ మధ్య బైకులు రావడం లేదట, ఆమె కుట్టే జాకెట్లూ తగ్గాయట. కూర్చోమంటే గడప దగ్గరే కూర్చుంది.

"అమ్మా, మీరు ఒక కాగితం రాసియ్యాలె. ఆయన రాయలేదని. మీరు రాస్తే ఆఫీసోళ్లు ఇంటరు. మీ రాతకు ఇజ్జత్ ఉంది."

రాశాను. ఒక పేజీ. 'సదరు పిటిషన్‌లోని భాష, వాక్య నిర్మాణం గమనిస్తే అది ఏడో తరగతి చదివిన వ్యక్తి రాసినది కాదని స్పష్టమవుతుంది' అని కూడా రాశాను. చాలా మంచి వాక్యం. జెబా కాగితాన్ని కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంది. టీ తాగమన్నాను. రోజా ఉపవాసంలో ఉందేమో అనుకుని నాలుక కరుచుకున్నాను. రంజాన్ దాటి నెలైంది. తాగింది.

ఆమె వెళ్లాక స్నానం చేశాను. మధ్యాహ్నం రెండోసారి. కడుక్కోవాలనిపించింది నా వాక్యాన్ని.

మే 14

మొన్నటి వానకు గేటు పక్కన తారు బీటలో నాలుగు మక్క మొలకలు లేచాయి. నువ్వు ఊడ్చినప్పుడు మిగిలినవి. అరుణ పీకబోతే వద్దన్నాను. మధ్యాహ్నానికి మేక తినేసింది. మేకకు నాకున్నంత బాధ ఉన్నట్టు లేదు.

మూడింటికి చప్పుడు. ఇవాళ చెవుల్లో దూది పెట్టుకుని కూడా విన్నాను.

మే 20

పంచాయితీ ఆఫీసులో గ్రామసభ. రోడ్డు ఇంజనీరు ప్రేమ్‌సాగర్, చిన్నవాడు, పెద్ద బొమ్మ గోడకు అంటించాడు. రోడ్డు పది మీటర్లు వెడల్పు చేస్తారట, మూలమలుపు సాపు చేస్తారట.

"విజిబిలిటీ వస్తది. యాక్సిడెంట్ల ప్రాబ్లమే ఉండదు" అన్నాడు.

"నువ్వు ఈ రోడ్డు ఎప్పుడైనా నడిచి దాటావా నాయనా?" అని అడిగాను.

"నేను బండి మీద వస్త మేడం."

"అదే తెలుస్తోంది. నీ బొమ్మలో మనిషి లేడు."

"ఆ స్కేలుకు మనుషులు కనబడరు మేడం."

"ఆ కారులో ఉన్నవాళ్లకూ కనబడలేదు."

ఎవరూ నవ్వలేదు. నేను కాగితం తీసి లెక్కలు చదివాను. ఖాళీగా ఉంటే ఐదు సెకన్లు, హేమ్లి మక్కలుంటే పద్దెనిమిది. వెడల్పు చేస్తే మూడున్నరకు వస్తుంది, నాకు పది సెకన్లు పట్టేది పద్నాలుగవుతుంది. ఊరి లోపల తారు సన్నం చేసి, మిగిలిన మీటరున్నర నడిచేవాళ్లకు ఎత్తుగా కట్టండి. బడి గ్రౌండ్ గేటు ఎదురుగా రోడ్డునే కాలిబాటంత ఎత్తుకు లేపండి, బండ్లు ఎక్కి దిగాలి. పాషా బండి మెట్టు లేకుండా దాటాలి.

"మరి మక్కలు?" అంది హేమ్లి వెనకనుంచి.

"వాటికి కల్లం ఇళ్ల వైపే కట్టాలి. మూటలు మోసుకుంటూ ఎవరూ రోడ్డు దాటకూడదు."

ప్రేమ్‌సాగర్ నా కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. "సన్నగుంటే స్పీడ్ తగ్గుతదని మాకు కాలేజీల చెప్పిండ్రు మేడం. ఊర్లల్ల ఎవ్వరు అడగరు. అందరు వెడల్పే అడుగుతరు." బడి తెరిచే లోపు తాత్కాలికంగా అడ్డు పెట్టి చూద్దాం, ఊరు తీర్మానం చేస్తే చాలు అన్నాడు.

అప్పుడు పగిడయ్య లేచాడు. "ఇప్పుడు సన్నగ జేస్తరట. మా అమ్మ జేసింది గదే గదా. దాన్ని తీపిచ్చినోడు ఈడనే కూసున్నడు. ముందుగాల వాని సంగతి తేల్చున్రి. గప్పుడు సంతకం పెడ్త."

అందరూ ఖాలిద్ వైపు తిరిగారు. ఖాలిద్ లేచి నిలబడ్డాడు. జెబా సంచిలోంచి నా కాగితం తీసి కార్యదర్శికి ఇచ్చింది. ఆయన పైకి చదివి ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. 'వాక్య నిర్మాణం' దగ్గర ఎవరో ఈల వేశారు.

నేను కూర్చునే ఉన్నాను. లెక్కల కాగితం నాలుగు మడతలు పెట్టాను. ఐదో మడత పడలేదు.

తీర్మానం కాలేదు.

మే 21

కాళ్ల నొప్పి. అందుకే లేవలేకపోయాను నిన్న.

మే 22

కాళ్ల నొప్పి లేదు.

మే 26

ఉదయం ఎనిమిదిన్నర. ట్రాలీ ఆటో వచ్చింది. ఖాలిద్ గాలి కొట్టే మిషన్ ఎక్కించుకుంటున్నాడు. పగిడయ్య అరుగు మీద పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు. నేను గేటు తీసి వెళ్లాను.

"పగిడయ్యా, సామాన్లు దింపించు."

"మీకెందుకు టీచరమ్మా మా లొల్లి?"

"ఆ పిటిషన్ నాది."

వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది.

"నేనే రాశాను. కొత్తగూడెంలో టైపు చేయించాను. అందులో 'ప్రజల భద్రత' అని ఏడుసార్లు ఉంటుంది. ఆఫీసులో అడిగి చూసుకో."

ఖాలిద్ మిషన్ కింద పెట్టాడు. మెల్లగానే పెట్టాడు. పగిడయ్య నోరు కడుక్కుని వచ్చాడు. మొహం తుడుచుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోపానికి నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి: బైకు అతను, చట్టం, రాళ్లు.

"ఎందుకు టీచరమ్మా?" అన్నాడు. "మా అమ్మ ఏంజేసింది మీకు?"

"హరి కారు గేట్లోకి రాలేదు" అన్నాను. "ఒక ఆదివారం."

"గంతేనా?"

"చీరల మీద పొట్టు పడింది."

పగిడయ్య నా గేటు వైపు చూశాడు. ఎంత దూరమో కొలుస్తున్నట్టు చూశాడు.

"ఒక్క మాట జెప్తే జరుపుతుండె గద టీచరమ్మా. నాలుగు మూరలు. గేటు కాడికి జరుపుతుండె. మీరేమన్నా జెప్పిండ్రా?"

చెప్పలేదు. ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను: చెప్పినా వినేది కాదు, వినేదానివి కాదు. ఒక్కసారీ చెప్పలేదు. గేటు దగ్గర నిలబడి "గురవమ్మా, ఇక్కడ కొంచెం జరుపు" అనడానికి మూడు సెకన్లు పట్టేది. నేను రెండు పేజీలు రాశాను.

జెబా సంచిలో వెతికి, మే ఆరున నేను రాసిచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. "ఇది మీదే అమ్మా" అంది. ఖాలిద్ మిషన్ తిరిగి లోపల పెట్టుకుని, షట్టర్ సగం దించుకున్నాడు.

మే 28

మళ్లీ సభ. లేచి నిలబడి అందరి ముందు చెప్పాను. కాగితం లేకుండా. పగిడయ్య తీర్మానం మీద సంతకం పెట్టాడు; పెన్ను నా చేతినుంచి తీసుకోలేదు, బల్ల మీద పెట్టాక తీసుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు జనం దారి ఇచ్చారు. మర్యాదకి కాదు.

"ఎరుకే నాకు" అంది అరుణ ఇంటికొచ్చాక. "కళ్లజోడు షాపు బిల్లు పదకొండింటిది. మీరు ఇంటికొచ్చింది సాయంత్రం అయిదింటికి."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తరేమోనని సూసిన."

రెండు నెలలు చూసిందన్నమాట. ఈ ఇంట్లో అడగడం ఎవరికీ చేతకాదు.

మే 30

ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. జూన్ ఒకటి నుంచి పెట్టుకోవచ్చు, సామానుకు మాత్రం శాంక్షన్ లేదు, డ్రమ్ములో టైర్లో ఏవో ఊరే చూసుకోవాలి అన్నాడు. బడి పన్నెండున తెరుస్తారు.

మూడింటికి చప్పుడు వచ్చింది. చెప్పేస్తే పోతుందనుకున్నాను. పోలేదు. ఇవాళ కిటికీ తీయలేదు. కూర్చుని, ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్ని అడుగులో లెక్కపెట్టాను. నూట ముప్పై ఎనిమిది. వెనక్కి తిరిగాక లెక్క తప్పింది.

మే 31

అరుణకు చీటీ. ఇక్కడే రాసి, చింపి, ఫ్రిజ్ మీద పెడతాను.

అరుణా, రేపు డ్యూటీకి పోయే ముందు ఖాలిద్ షాపు దగ్గర ఆగు. వెనక పాత టైర్లు ఉన్నాయి. ఇరవై నాలుగు కావాలి. పంపింది నేనేనని ముందే చెప్పు, దాచొద్దు. ఇవ్వనంటే బతిమాలకు; పామాయిల్ తోటల దగ్గర అడుగుదాం. ఇస్తే, రెండు డబ్బాల తెల్లరంగు, రెండు కుంచెలు తీసుకో. రంగు త్వరగా ఆరేది కావాలని అడుగు. ఇళ్ల వైపు అంచు నుంచి మీటరున్నర దగ్గర నేను సుతిలి తాడు కట్టి ఉంచాను. దాని వెంట నాలుగు మీటర్లకొకటి పెట్టించు. పాషా బండి టైర్లకు ఇవతల పడుతుందో లేదో అతన్నే పిలిచి తోయించి చూడు. గురవమ్మ పడ్డ చోట మాత్రం టైరు పెట్టొద్దు. పిల్లలు దాటేది అక్కడే, ఎనిమిది మీటర్లు ఖాళీ వదిలెయ్. ఎక్కడో తెలియకపోతే నన్ను అడగొద్దు, పగిడయ్యను అడుగు.